బుద్ధికి కొలత



"తెలివిగలవాడు" అను మాటను మనము దినమునకు పదిమారులు వాడుచుందుము. చురుకుగా బదులు చెప్పువానిని, నోటిలెక్క కట్టువానిని అట్లు పిలుతుము. ముప్పదియేండ్లకు మించి బడిపంతులుగా నుండి నేనును అట్లే పిలిచితిని. అందువలన జరిగిన పొరపాటొకటి విన్నవించెదను.

మా అనంతగిరి కోదాడకు చేరువనున్నది. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిదప ఈ ప్రాంతపు మెట్టనేలలు క్రమముగా మాగాణులైనవి. నాకొక శిష్యుడుండెను. పద్యము అప్పగింపలేడు, ప్రశ్న యడిగినచో నేలచూపులు చూచును. పదిమందిలో వానిని మందబుద్ధి యంటిని. మరుసటి యేడు వాడు బడికి రాలేదు.

చాలకాలమునకు ఒక ఎద్దడి సంవత్సరమున, కాలువ నీరు చివరి మడులకు చేరక, పైవారికిని క్రిందివారికిని కర్రలు లేచు స్థితి వచ్చెను. అప్పుడు ముందునకు వచ్చినవాడు ఆ శిష్యుడే. మొదట ఏమియు పలుకలేదు. రెండు దినములు తూము మొదలుకొని చివరి మడి వఱకు గట్టువెంట నడచెను. ఏ నేల ఎంతసేపటికి తడియునో చూచెను. ఇరుపక్షముల మాటయు వినెను. పిదప వంతులేర్పరచి, మొదటి రాత్రి నీటిని చివరి మడికిప్పించెను. తూము దాపుననున్న తన పొలమునకు కడపటి వంతు ఉంచుకొనెను. దానితో జగడ మడగెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన పూర్వులు బుద్ధికి ఎనిమిది గుణములు చెప్పిరి: శుశ్రూష, శ్రవణము, గ్రహణము, ధారణము, ఊహ, అపోహ, అర్థవిజ్ఞానము, తత్త్వజ్ఞానము. నేను బడిలో పరీక్షించినది నాలుగవదైన ధారణమును మాత్రమే. మొదటిదగు శుశ్రూష, అనగా వినవలెనను కోరిక, వానియందుండెను, నాయందు లేకపోయెను.

ఫ్రాన్సు దేశమున బినే అను పండితుడు 1905లో సీమోనుతో కూడి బుద్ధిపరీక్షను కల్పించెను. అది వెనుకబడిన పిల్లలను గుర్తించి సాయపడుటకే గాని, వారి నుదుట ముద్ర వేయుటకు గాదు. బుద్ధి పెరుగని వస్తువను వాదమును 1909లో ఆయనయే ఖండించెను.

నేను శిష్యుని యింటికి పోయి నా తప్పు ఒప్పుకొంటిని. వాడు నవ్వి, "జవాబు తెల్వక కాదు సారూ, ఆలోచన చేసుకునే లోపల్నే మీరు పక్కోణ్ని అడిగేది" అనెను.

పెద్దలారా! మీ యింట పలుకని పిల్లవాడున్నచో తెలివిలేనివాడనకుడు. పొలమునకు తోడ్కొని పొండు. ఏమి చూచితివని యడుగుడు. వాడు చెప్పువఱకు ఓర్పుతో వేచియుండుడు. అంతపాటి ఓర్పు నాకానాడు లేకపోయెను.

సెలవు.