మనకు పెన్షనే పొలం

(దళిత ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగం)



సర్కారు నౌకరీలో ఉన్నోళ్లకు పని మీద మనసు లేదని పెద్దమనుషులు అంటుంటారు. మనసు ఎందుకు నిలవడం లేదో మాత్రం అడగరు. జీతం ఈ నెల ఆకలి తీరుస్తుంది. పనిలో తృప్తి రేపటి మీద నమ్మకంతో వస్తుంది. ఆ నమ్మకం పేరే పెన్షన్.

భూమి ఉన్నోడికి పెన్షన్ పోయినా కౌలు వస్తుంది, ఇంటి అద్దె వస్తుంది. మనకేముంది? మనలో చాలామంది రిజర్వేషన్‌తో తొలిసారి ఆఫీసు గడప తొక్కినోళ్లే. తాతలు ఇచ్చిన పొలం లేదు. మనకు పెన్షనే పొలం.

పెన్షన్ దయతో వేసే భిక్ష కాదు, హక్కు అని 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ హక్కునే మార్కెట్లో పెట్టారు. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లకు ఉమ్మడి రాష్ట్రంలో సి.పి.ఎస్. వచ్చింది. పాత పద్ధతిలో పూర్తి సర్వీసు చేసినోళ్లకు చివరి జీతంలో సగం, పైన కరువు భత్యం. కొత్తదాంట్లో మూల వేతనం, డి.ఏ. మీద నూటికి 10 మన జీతంలోంచే కోస్తారు. సర్కారు వాటా కలిపి షేర్లలో, బాండ్లలో పెడతారు. లెక్క చూడండి. రిటైరయ్యేనాటికి 10 లక్షలు పోగై, అందులో 4 లక్షలతో యాన్యుటీ కొన్నామనుకోండి. ఏడాదికి నూటికి 6 వస్తుందనుకుంటే నెలకు 2,000. ధరలు పెరిగాయని దానికి డి.ఏ. కలవదు.

ఇట్లా ఒకే మున్సిపాలిటీలో మూడు ముసలితనాలు తయారైనాయి. పాత పెన్షన్‌ది ఒకటి. సి.పి.ఎస్.ది ఒకటి. మూడోది కాంట్రాక్టు మీద రోడ్లూడ్చే, మురిక్కాలవలు తీసే మనోళ్లది. వాళ్లకు దిక్కు ఈ.పి.ఎఫ్. పెన్షనే. దాని కనీస మొత్తం 2014లో నెలకు 1,000 అన్నారు. అదైనా రావాలంటే 10 ఏళ్ల సర్వీసు చూపాలి. కాంట్రాక్టరు డబ్బు కట్టకుండా ఎగ్గొడితే ఏది చూపాలి?

2023లో ఆంధ్రప్రదేశ్ గ్యారంటీ పెన్షన్ చట్టం చేసింది. 2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం యు.పి.ఎస్. తెచ్చింది. ఉద్యోగుల భయం నిజమేనని పాలకులే ఒప్పుకున్నట్టు గదా! అయితే రెండింట్లోనూ జీతంలో కోత ఉంది. రెండింట్లోనూ కాంట్రాక్టు మీద ఊడ్చే మనిషికి చోటు లేదు.

పాత పెన్షన్ కోసం ఏ సంఘం జెండా పట్టినా మనం ముందు నడుద్దాం. ఆ డిమాండ్ల కాగితంలో పారిశుధ్య కార్మికుడి పెన్షన్ మొదటి వరసలో ఉండాలని అడుగుదాం. వాళ్లు రాయకపోతే మనమే రాద్దాం.

జై భీమ్!