రెండు సంగీతాలు – ఒకే వేదిక
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు చెప్పేశారు కనుక నేను సంగీతం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. నాకు స్వరజ్ఞానం లేదు. ముప్పైనాలుగేళ్లు ఫైళ్లు పుటప్ చేసినవాణ్ణి.

మన హైదరాబాదుకు దూరదర్శన్ కేంద్రం వచ్చింది 1977లో. అమెరికాలో అంతకు ఇరవై ఏళ్లకు పైగా ముందే, 1955 అక్టోబరు 16న, లెనార్డ్ బెర్న్‌స్టైన్ ‘ఆమ్నిబస్’ అనే టి.వి. కార్యక్రమంలో జాజ్ గురించి పాఠం చెప్పాడు. ఆయన సింఫనీలు నడిపించే పెద్దమనిషి. జాజ్ అంటే క్లబ్బుల్లో వాయించేదని ముఖం చిట్లించేవాళ్లు అక్కడా ఉన్నారు. వారికోసం షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ పంక్తులను నల్లవారి బ్లూస్ బాణీలో వినిపించాడు. పోతనగారి పద్యాన్ని బుర్రకథ వరసలో పాడితే ఎలా ఉంటుందో ఊహించండి! తాను జాజ్ బృందం కోసం రాసుకున్న ‘ప్రిల్యూడ్, ఫ్యూగ్ అండ్ రిఫ్స్’ కూడా తొలిసారి వినిపించింది ఆ కార్యక్రమంలోనే.

1964లో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ వారి పిల్లల కచేరీ టి.వి.లో వచ్చింది. అందులో గుంథర్ షుల్లర్ స్వరపరచిన ‘జర్నీ ఇన్‌టు జాజ్’ ఉంది. ట్రంపెట్ నేర్చుకునే కుర్రవాడి కథ. బెర్న్‌స్టైన్ కథ చదువుతుంటే, ఆర్కెస్ట్రావారు కాగితంలో ఉన్నది ఉన్నట్టు వాయించారు. అదే వేదికమీద ఎరిక్ డాల్ఫీ, డాన్ ఎల్లిస్ వంటి జాజ్ విద్వాంసులు అక్కడికక్కడ మనోధర్మంతో అందుకున్నారు. కల్పనస్వరాలు విన్నవారికి ఈ తేడా నేను చెప్పనక్కరలేదు. పాపం, డాల్ఫీ ఆ జూన్‌లోనే పోయాడు, 36 ఏళ్లకే.

ఇదంతా మనవడు సెల్‌ఫోనులో చూపించాడు. చూస్తున్నంతసేపూ నాకు వాడి తల్లే గుర్తుకొచ్చింది. ఇంటర్లో ఉండగా అమ్మాయి వయొలిన్ మీద కల్యాణి వాయిస్తూ వాయిస్తూ సినిమా పాటలోకి దిగేది. కాలేజీ ఆర్కెస్ట్రాలో గిటారువాళ్ల పక్కన వాయిస్తానంది. “రెంటికీ చెడ్డ రేవడివవుతావు, ఇదో అదో తేల్చుకో” అన్నాను. అది ఏదీ తేల్చుకోలేదు. వయొలిన్ అటకెక్కింది. ఇరవై ఎనిమిదేళ్లు. ఫైలు క్లోజయిందనుకుని నేనూ ఊరుకున్నాను.

మొన్న పండక్కి వచ్చినప్పుడు దించాం. తీగలు తెగి, కమాను వెంట్రుకలు ఊడిపోయి ఉన్నాయి. బాగుచేయడానికి ఇచ్చాను. “ఇప్పుడెందుకు నాన్నా?” అంది గాని, వద్దనలేదు. పక్కన వాయించడానికి మనవడు కీబోర్డు తెస్తాడట.

సెలవు.