తిరుమల నాయకుని మహలులో ఒక పూట

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంఘం కార్యదర్శిగారు మమ్ములను కూడ నాలుగు మాటలు చెప్పమన్నప్పుడు మేము జంకినాము. మేము రైల్వేలో గుమాస్తాపని చేసేవాళ్ళము, పదవ తరగతితో చదువు చాలించినవాళ్ళము. ఉపన్యాసాలు మా వృత్తి కాదు. అయితే పోయిన దసరా సెలవులలో ఇంటిల్లిపాదిమి మధుర వెళ్ళి, తిరుమల నాయకుని మహలును, అందులోని చిన్న వస్తుప్రదర్శనశాలను చూచి వచ్చినాము. ఆ సంగతైతే చెప్పగలమన్నాము. వారు సరే అన్నారు.

మధ్యాహ్నం కోయంబత్తూరులో బండి ఎక్కి పొళ్ళాచి, ఉడుమలపేట, పళని, దిండిగల్లు మీదుగా వెళ్ళినాము. మా నాయన కాలంలో అది మీటరు గేజి దారి. ఇప్పుడు పెద్దబండ్లు నడుస్తున్నవి. దారిపొడుగునా ఎక్కేవాళ్ళలో, దిగేవాళ్ళలో మన మాట వినబడుతూనే ఉన్నది. చీకటిపడినాక మధురలో దిగి స్టేషను బయటికి వస్తే ఎదురుగా మంగమ్మ సత్రం. రాణి మంగమ్మ 1689 మొదలు 1706 వరకు పసివాడైన మనుమని పేర రాజ్యం నడిపిన ఇల్లాలు. బాటలు వేయించి, బాటసారులకు సత్రాలు కట్టించిందని ఆమెకు పేరు. అటువంటి ఆమె పేరు రైలుస్టేషను ఎదుటనే ఉండడం మావంటి రైల్వేవాళ్ళకు ముచ్చటగా తోచింది.

మర్నాడు ఉదయం మహలుకు వెళ్ళినాము. చుట్టుప్రక్కల వీధులలో పట్టునూలువారు, అంటే సౌరాష్ట్రులు, కాపురముంటారు. తరతరాలుగా ఇంటిలో తమ భాషే మాట్లాడుకొంటారు. ఆ భాషలో తెలుగుమాటలు ఎన్నో కలిసి ఉన్నవి. దారి అడిగితే చెప్పిన పెద్దాయన మా యాస విని నవ్వి, "మీరూ మావంటివాళ్ళేనే" అన్నాడు.

తిరుమల నాయకుడు 1623 మొదలు 1659 వరకు ఏలినాడు. ఈ మహలు 1636లో కట్టించినదంటారు. ఇప్పుడు మిగిలినది అప్పటి దానిలో ఒక భాగమే. అదే మనకు తల ఎత్తి చూచి మెడ నొప్పి పుట్టేటంత ఉన్నది. స్తంభాలు సున్నపు పూతతో నునుపు తేల్చినవి. మా పిల్లకాయలు ముగ్గురు చేతులు కలిపి పట్టుకొన్నా ఒక స్తంభం చుట్టూ అందలేదు. తిరుమల నాయకుని మనుమడు చొక్కనాథుడు రాజధానిని తిరుచిరాపల్లికి మార్చినప్పుడు మహలులోని సామగ్రి పీకించి అక్కడికి తరలించినాడని చెప్తారు. (ఇల్లు మారేటప్పుడు ఉన్నది పాడుచేసుకోవడం మా ఇంటితో మొదలు కాలేదన్నమాట. ఈ మాట ఎందుకన్నామో తరువాత తెలుస్తుంది.) 1866 నుంచి 1872 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియరు ప్రభువు మరమ్మత్తులు చేయించకపోతే ఈ మాత్రమూ దక్కేది కాదు.

నాటకశాల అనే భాగంలో రాతి విగ్రహాలు, శాసనాలు పెట్టినారు. పెద్దది కాదు, అరగంటలో చూచి రావచ్చును. మాకు మాత్రం రెండు గంటలు పట్టింది. మా అమ్మాయి ఒక రాతి ముందు నిలబడి, "నాయనా, ఈ రాజు మన అవ్వ మాదిరి తెలుగు మాట్లాడునా?" అని అడిగింది. మాట్లాడునమ్మా, అన్నాము. మాకు తెలిసినంత చెప్పినాము. పద్యం రాస్తేనే కవి అని లోకం అనుకొనే రోజులలో ఈ మధుర నాయకుల కొలువులో తెలుగు వచనానికి పీట వేసినారు. మంగమ్మ మనుమడు విజయరంగ చొక్కనాథుడే శ్రీరంగమాహాత్మ్యము, మాఘమాహాత్మ్యము వచనంలో వ్రాసినాడు. ఆయన కొలువులోని సముఖము వెంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని వచనంలో చెప్పినాడు. అమ్మాయి అంతా విని, రాతిమీద వేలు పెట్టబోయింది. కావలి ఆయన, "తొడాదీంగ" అని అరవంలో వారించినాడు.

ప్రక్కనే మెట్టుమీద కూర్చున్న మా అమ్మ, "రాళ్ళను కూడ ముట్టనీయకుండా కాస్తున్నారు. మనం కాగితాలు మంటలో పెడితిమి గదరా" అన్నది.

సభవారికి ఆ సంగతి చెప్పక తప్పదు. పదేళ్ళ క్రితం ఉడుమలపేట దగ్గరి మా పల్లెలో ఇల్లు అమ్మి క్వార్టర్సుకు మారినాము. అటకమీద ఒక గుడ్డమూట దొరికింది. విప్పితే మా తాత చేతివ్రాతతో తెలుగు లెక్కల పుస్తకాలు. ఇంటిలో తెలుగు మాట్లాడని నోరు లేదు, చదవగలిగిన కన్ను ఒక్కటీ లేదు. బడిలో మేము చదివినది అరవం, ఇంగ్లీషు. క్వార్టర్సులో చోటు చాలదని భోగినాడు ఆ మూట మంటలో వేసినాము. వేసినవి ఈ చేతులే. అమ్మ వద్దనలేదు, కాని మంట ఆరేవరకు అక్కడనుంచి లేవలేదు. తరువాత నాలుగేళ్ళకు, ముప్పై దాటినాక, మన సంఘం ఆదివారపు తరగతిలో కూర్చుని అక్షరాలు దిద్దుకొన్నాము.

మధురనుంచి వచ్చిన వారానికి అమ్మ తన ఇనుపపెట్టె ఖాళీచేసి చూపించింది. అడుగున పరచిన కాగితం ఒకటి తాత పుస్తకంలోనిదే. చీమలు కొట్టి, పసుపు మరకలుపడి ఉన్నది. మేము కూడబలుక్కొని చదివినాము, అమ్మ విన్నది. బావి త్రవ్వించిన లెక్క అది. రాళ్ళు కొట్టినవాళ్ళకు ఇచ్చిన జొన్నలు, కపిల తోలుకు ఇచ్చిన రూకలు. మూడు పేర్లు తెలిసినవి, ఒకటి తెలియలేదు. అమ్మ ఆ మూడవ పేరు మళ్ళీ చదవమన్నది. తన పెళ్ళిలో పందిరి వేసినది వాళ్ళేనట.

కార్యదర్శిగారితో మాట్లాడినాము. సంఘం గదిలో ఒక అద్దాల బీరువా ఇవ్వడానికి ఒప్పుకొన్నారు. మీ ఇండ్లలో పాత లెక్క కాగితమో, తాటాకో, పెండ్లి శుభలేఖో ఉంటే తీసుకొనిరండి. ఇచ్చివేయనక్కరలేదు. నకలు తీసుకొని అసలు మీకే ఇస్తాము. అక్షరం తెలియకపోయినా సరే, అటకలు ఒకసారి చూడండి. ఈ సాయంత్రం భోజనాల వేళ తలుపు దగ్గర మేమే ఒక నోటుపుస్తకంతో కూర్చుని ఉంటాము. అందులో మొదటి పేరు మా అమ్మదే, ఇనుపపెట్టె కాగితం ఒకటి అని వ్రాసినాము.