తుపాను నాటి త్రాగునీరు

తుపాను హెచ్చరిక వినగానే మనము కొవ్వొత్తులు, బియ్యము చూచుకొందుము. నీటి మాట చివరకుగాని తోచదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణముపై విరుచుకుపడగా కరెంటు పోయి మోటారులు నిలిచినవి. అంత వాన కురిసిన ఊరిలోనే మంచినీటికై వెదకవలసివచ్చినది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ ఇండ్లలో జొరబడినప్పుడు నీటిసీసాలు పడవలపై రావలసివచ్చినది.

కావున కరెంటు ఉండగనే పట్టుకొనవలయును. మనిషికి దినమునకు 4 లీటర్ల వంతున, నలుగురున్న ఇంటికి మూడు దినములకు 48 లీటర్లు. అనగా మూడు నాలుగు బిందెలు. నీటిని ఒక నిమిషము తెర్లనిచ్చిన క్రిములు చచ్చును గాని, తరువాత చేరు మాలిన్యమును కాచిన నీరు అడ్డుకొనజాలదు. క్లోరిను కొంతవరకు అడ్డుకొనును. బిళ్లను పొట్లముపై వ్రాసిన లెక్కన వేసి అరగంట ఆగవలయును. బురదనీటిని ముందు తేర్చి, మడతగుడ్డతో వడకట్టవలయును. లేనిచో బిళ్ల సరిగా పనిచేయదు.

ఇంతయు చేసి మనము బిందెలో గ్లాసు ముంచుదుము! వేళ్ల మురికి అందులోనే కలియును. కుళాయిగల డబ్బా మేలు. లేనిచో పొడుగుకాడ గరిటె నొకదానిని బిందెకే కేటాయింపవలయును. పురుగుమందుల డబ్బాలు ఎంత కడిగినను పనికిరావు.

నీటిని మంచము క్రింద గాక ఎత్తున నుంచవలయును. బుడమేరు మంచముల ఎత్తు దాటియే వచ్చినది.