ఇల్లు ఎక్కడ? దారి ఎంత?
(బస్తీ సంక్షేమ సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటికి ముందు పొరుగును, ప్రయాణానికి ముందు తోడును చూసుకొమ్మని అరబ్బీలో ఒక సామెత ఉన్నది. మన పెద్దలు ఇల్లు తీసుకొనేటప్పుడు ఈ మాటను తప్పక తలచేవారు. నేటి హైదరాబాదులో దానికి మూడవ మాట ఒకటి చేర్చవలసి ఉన్నది: ఇంటికి ముందు దారిని కూడా చూసుకోవాలి.

ఒక తరం క్రిందట మన ఉపాధి మన ఇంటి చుట్టూనే ఉండేది. లాడ్ బజారు, పత్తర్‌గట్టీ, మదీనా, అఫ్జల్‌గంజ్, నాంపల్లి కార్యాలయాలు ఏవైనా సైకిలు దూరమే. నేడు మన పిల్లల కొలువులు మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడలకు తరలినవి. ఇల్లు మాత్రం చాంద్రాయణగుట్టలోనో, ఫలక్‌నుమాలోనో, యాకుత్‌పురాలోనో మిగిలినది. ఈ రెంటి మధ్యనున్న దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే మోసపోతాము. దానిని గంటలలో కొలవాలి.

గుమాస్తాగా పనిచేసినవాడిని కనుక లెక్క రూపంలోనే చెబుతాను. పాత ఇంటి అద్దె నెలకు 9,000 రూపాయలు, కొలువుకు దగ్గరగా టోలిచౌకిలో చూసిన ఇంటి అద్దె 14,000 రూపాయలు అనుకుందాము. తేడా 5,000. దూరపు ఇంటినుండి పెట్రోలు నెలకు 2,000 రూపాయలు అధికమగునని వేసుకుంటే, నిజమైన తేడా 3,000 మాత్రమే. ఇక కాలము. దూరపు ఇంటివల్ల రోజుకు రెండు గంటలు అదనంగా రోడ్డుపై గడిస్తే, 26 పనిదినాలకు 52 గంటలు. సంవత్సరానికి 624 గంటలు. ఎనిమిది గంటల పనిదినాలుగా మార్చితే 78 రోజులు. మూడు వేలు మిగుల్చుకొనుటకు నెలకు 52 గంటలు ఇస్తున్నామన్నమాట. గంటకు 60 రూపాయలు కూడా పడుట లేదు.

అయితే ఈ లెక్క చూసి అందరూ ఇల్లు మారండని నేను చెప్పుట లేదు. పాత ఇంట్లో అద్దె చిట్టాకెక్కనివి ఎన్నో ఉన్నవి. పసిబిడ్డను చూసుకొనే నాయనమ్మ ఉన్నది. అర్ధరాత్రి తలుపు తట్టగల పొరుగు ఉన్నది. మసీదు, మదరసా నడక దూరంలో ఉన్నవి. వాటికి కూడా వెల కట్టి చూడండి. నేను కోరేది ఒక్కటే: సంపాదించే మగవాని ప్రయాణాన్ని మాత్రమే లెక్కించవద్దు. ఇంటిలో ప్రతి మనిషి రోజూ ఎక్కడికి వెళ్లి రావాలో కాగితంపై వ్రాయండి. చదువుకొనే అమ్మాయి కళాశాల, కోడలి ఉద్యోగం, తల్లిని చూపించే ఆసుపత్రి అన్నీ ఆ కాగితంపైకి రావాలి.

ఎందుకనగా, దారి భారమైనప్పుడు మన ఇళ్లలో మొదట ఆగిపోయేది ఆడపిల్ల ప్రయాణమే. కొడుకుకు రెండు గంటల దారి అయితే మోటారు సైకిలు కొంటాము. కూతురుకు అదే దారి అయితే ఉద్యోగం మానిపిస్తాము. చీకటి పడ్డాక మెహదీపట్నంలో బస్సు మారవలసి వస్తుందన్న ఒక్క కారణంతో పట్టభద్రురాలైన అమ్మాయి ఇంట కూర్చుంటే, ఆ నష్టం ఏ అద్దె లెక్కలోను కనపడదు. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం ఉన్నది. మంచిదే. కాని టికెట్టు లేకపోయినంత మాత్రాన సరిపోదు, వేళకు బస్సు ఉండాలి.

అడ్వాన్సు ఇచ్చే ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. ఆదివారం మధ్యాహ్నం ఇల్లు చూసి మురిసిపోవద్దు. సోమవారం ఉదయం, ఆఫీసు వేళకు ఆ ఇంటినుండి బయలుదేరి చూడండి. సాయంత్రం తిరిగి రండి. వీలైతే వానపడిన రోజున మరొకసారి చూడండి. ఇంటివారిలో బస్సులో వెళ్లవలసినవారు ఎవరో, వారితో కలిసి బస్సులోనే వెళ్లండి.

ఇంతవరకు మన చేతిలోని విషయం. మన చేతిలో లేనిది మరొకటి ఉన్నది. కొలువుకు దగ్గరగా ఇల్లు కావాలని అడిగిన మన పిల్లలకు, పేరు వినగానే ‘ఇల్లు ఇచ్చేశామండీ’ అన్న జవాబు రావటం మీలో చాలామందికి అనుభవమే. భారత రాజ్యాంగంలోని 19వ అధికరణ దేశంలో ఎక్కడైనా నివసించే హక్కును పౌరునికి ఇచ్చినది. కాని ఇంటి యజమాని తలుపు వద్ద ఆ హక్కు నిస్సహాయమై నిలబడుతున్నది. ముస్లింలకు ఇళ్లు దొరకుటలోని ఈ ఇబ్బందిని 2006లో సచార్ కమిటీ నివేదిక కూడా ప్రస్తావించినది. ఇతరులకు ట్రాఫిక్ ఒక ఎంపికకు సంబంధించిన సమస్య. మనలో అనేకులకు ఎంపికే లేదు.

ఎంపిక లేనివానికి రవాణా అయినా ఉండాలి కదా! జె.బి.ఎస్. నుండి వచ్చే మెట్రో 2020 ఫిబ్రవరిలో ఎం.జి.బి.ఎస్. వరకు వచ్చి ఆగినది. తొలి ప్రణాళికలో అది ఫలక్‌నుమా వరకు రావలసినది. పాతబస్తీ భాగానికి 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగినది. ఫలక్‌నుమా నుండి హైటెక్ సిటీకి ఎం.ఎం.టి.ఎస్. రైలుమార్గం ఉన్నది గాని, అది సికింద్రాబాదు మీదుగా చుట్టి పోతుంది. ఫ్లైఓవర్లు వచ్చినవి, సంతోషమే. అవి వాహనమున్నవానికి ఉపకరించినంతగా బస్సుకై నిలబడిన అమ్మాయికి ఉపకరించవు.

కనుక ప్రతి బస్తీలో పదిమంది కూర్చుని ఒక పట్టిక తయారు చేయండి. ఏ స్టాపులో, ఏ వేళకు, ఎందరు నిలబడుతున్నారు, ఎంతసేపటికి బస్సు వచ్చినది, ఎన్ని చోట్ల మారవలసి వచ్చినది అన్నవి పదిహేను రోజులు వ్రాసి, డిపో మేనేజరుకు, శాసనసభ్యునికి ఇవ్వండి. ఏ మార్గంలో ఎన్ని ట్రిప్పులు నడుస్తున్నవో 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద అడగండి. దఫ్తరులో నా అనుభవం ఇది: ఆవేదనతో నిండిన అర్జీని ప్రక్కన పెట్టుట సులభం. తేదీలు, వేళలు, అంకెలు ఉన్న అర్జీకి జవాబు వ్రాయక తప్పదు.

ఇంటి కాగితంపై వేసిన లెక్క మన కుటుంబానికి, బస్తీ పట్టికలో వేసిన లెక్క మన హక్కుకు పనికి వస్తుంది. రెండూ ఈ నెలలోనే మొదలుపెట్టవలెనని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను. ఖుదా హాఫిజ్.