నిశాని నుంచి బొటనవేలు బొమ్మ దాకా

(ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువురాని ఆడవాళ్ల చేత నిశాని వేయించుకోవడం మన దగ్గర కొత్త కాదు. కాగితంలో ఏముందో చదివి వినిపించినవాళ్లు తక్కువ, వేలు పట్టి సిరాలో అద్దినవాళ్లు ఎక్కువ. ఇప్పుడు సిరా కూడా అక్కర్లేదు. సుగ్గికి గుంటూరు వైపు పోయే కూలీలకు మేస్త్రీ వాట్సాప్‌లో కబురు పెడతాడు. కూలి ఎంత, బండి ఖర్చు ఎవరిది, అన్నీ రాతలోనే. కింద ఒక్కొక్కరూ పైకెత్తిన బొటనవేలు బొమ్మ పెడతారు. ఆదోని దగ్గర ఒక ఊళ్లో ఒకామెను అడిగాను, ఎందుకు పెట్టినావని. "చూసినా అని చెప్పేదానికి మేడం. అందరూ పెట్టినారు, నేనూ పెట్టినా" అంది. చూడడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఆ తేడా ఆమెకు తెలుసు. బొమ్మలో అది కనిపించదు.

కెనడాలో 2021లో ధాన్యం కొనే సంస్థ ఒకటి అవిసెల ఒప్పందాన్ని ఫొటో తీసి ఒక రైతు ఫోనుకు పంపింది. ఆయన ఈ బొమ్మే పెట్టాడు, సరుకు మాత్రం ఇవ్వలేదు. కాగితం అందిందని చెప్పడానికే పెట్టానన్నాడు. అది సంతకమేనని 2023లో సస్కాచెవాన్ కోర్టు తీర్పు చెప్పి, 82 వేల డాలర్లకు పైగా కట్టమంది. 2024లో పై కోర్టూ అదే ఖాయం చేసింది. అంతకుముందు కూడా వాళ్లు ఫోను మీదే బేరాలు కుదుర్చుకున్నారన్నది అక్కడ ముఖ్యమైంది. మన కూలీలకూ, మేస్త్రీకీ మధ్య ఏటేటా జరిగేది అదే కదా! ఆ తీర్పు మన కోర్టులను కట్టడి చేయదు. కానీ ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లదనడానికి మన సమాచార సాంకేతిక చట్టం కూడా ఒప్పుకోదు.

అందుకని బొమ్మలు మానేయమని నేననను. రాయలేని మనిషికి అవి అక్షరాలు. కీబోర్డులో నవ్వు ముఖం నొక్కితే వందల బొమ్మలు వస్తాయి. (పత్తికాయ, మగ్గం మాత్రం వెతక్కండి, లేవు. దారపుండ 2018లో, చీర 2019లో వచ్చాయి. నేసే మనిషి పనిముట్టు ఎవరికీ గుర్తు రాలేదు.) అందులో రెండు కళ్ల బొమ్మ ఉంది. దాన్ని 'చూశాను' అనుకుందాం. అడ్డం పెట్టిన అరచెయ్యి 'ఆగండి, చదివి వినిపించండి'. ఈ అర్థాలు మనలో మనం అనుకుంటే చాలదు, మేస్త్రీకి ముందే గొంతుతో రికార్డు చేసి అదే గ్రూపులో పెట్టాలి. కూలి రేటు కూడా ఆయన గొంతుతోనే చెప్పించాలి. బొటనవేలు ఆ తర్వాతే.