మానిటరును మూల బెట్టక మునుపు

(పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



నేడు గ్రామ పంచాయతీలలో ఇంటిపన్ను పద్దులు, జనన మరణ నమోదులు కంప్యూటరు ద్వారా జరుగుచున్నవి. ఆ కంప్యూటరు తెర ఒకనాడు పసుపు పచ్చగా మారినను, వెలుగక మొరాయించినను, “మానిటరు చెడిపోయినది, క్రొత్తది కొనవలెను” అను మాట వెంటనే పుట్టును. ఆ మాటపై తీర్మానము చేయుటకు ముందు, కంప్యూటరును మానిటరును కలుపు కేబులును గూర్చి మనము కొంత తెలిసికొనవలెను. ఏలయన వ్యయమగునది ప్రజల సొమ్ము.

పాత మానిటరు వెనుక, ఇరువైపుల మరలతో బిగింపబడి, తరచుగా నీలిరంగులో నుండు కనెక్టరును మీరు చూచియే యుందురు. దీనిని వీజీఏ అందురు. 1987వ సంవత్సరమున అమెరికాకు చెందిన ఐ.బి.ఎం. సంస్థ తన పీఎస్/2 కంప్యూటర్లతో దీనిని ప్రవేశపెట్టెను. ఇందు వరుసకు 5 చొప్పున 3 వరుసలలో 15 పిన్నుల స్థానములు గలవు. 1వ పిన్ను ఎరుపును, 2వది ఆకుపచ్చను, 3వది నీలమును కొనిపోవును. ప్రతి గీత ఎప్పుడు మొదలిడవలెనో 13వ పిన్ను, బొమ్మ యంతయు మరల పైనుండి ఎప్పుడు మొదలిడవలెనో 14వ పిన్ను మానిటరుకు తెలుపును.

ఇది అనలాగు పద్ధతి. తూము తలుపు నెంత యెత్తిన అంత నీరు పారునట్లు, రంగు కాంతిని బట్టి వోల్టేజి 0 నుండి 0.7 వరకు హెచ్చుచు తగ్గుచు నుండును. కాలువ పొడవైనకొలది చివరి చేనికి నీరు తగ్గును గదా! అట్లే కేబులు మిక్కిలి పొడవైనను, నాసిరకమైనను అక్షరములు మసకబారి, వాని ప్రక్క నీడలు పడును.

తెల్లగా నుండవలసిన తెర పసుపుగా కనిపించినచో నీలము అందుట లేదని గ్రహింపుడు. ఎరుపు అందనిచో తెర నీలమును ఆకుపచ్చయు కలిసిన రంగులోనికి, ఆకుపచ్చ అందనిచో ఊదా రంగులోనికి మారును. ఇట్టి సమయములందు మానిటరు కంటె ముందుగా కేబులును అనుమానింపవలెను. కరెంటు ఆపి, మరలు విప్పి, పిన్ను ఏదైన వంగినదేమో చూడుడు. పెక్కు కేబుళ్లలో 9వ పిన్ను ఉండదు. అది దోషము కాదు. తిరిగి సరిగా అమర్చి, రెండు మరలను బిగింపుడు. అప్పటికిని మార్పు లేనిచో మరియొక కేబులు తగిలించి చూడుడు.

ఇక రెండవ చిక్కు. ఇంటెల్, ఏ.ఎం.డి. మున్నగు సంస్థలు 2015 నాటికి వీజీఏను విరమింపనున్నట్లు 2010 డిసెంబరులో ప్రకటించెను. క్రొత్త కంప్యూటర్లలో పెక్కింటికి హెచ్.డి.ఎం.ఐ. వంటి డిజిటల్ కనెక్టర్లు మాత్రమే యుండును. తూము తలుపు తెరచుట, మూయుట అను రెండే స్థితులతో కబురు పంపినట్టిది డిజిటల్ పద్ధతి. ఒక పద్ధతి నుండి మరియొక పద్ధతికి మార్చుటకు లోపల చిప్పు గల కన్వర్టరు అవసరము. రెండు కొసలకు రెండు విధముల కనెక్టర్లు తగిలించిన వట్టి తీగ ఆ పని చేయజాలదు.

కొనునపుడు దిశను కూడ స్పష్టముగా చెప్పవలెను. క్రొత్త కంప్యూటరుకు పాత మానిటరును కలుపుటకు “హెచ్.డి.ఎం.ఐ. నుండి వీజీఏకు” మార్చునది కావలెను. “వీజీఏ నుండి హెచ్.డి.ఎం.ఐ.కి” మార్చునది ఇందుకు పనికిరాదు. వీజీఏ కేబులు శబ్దమును కొనిపోదు గనుక, మానిటరు నుండి మాటలు వినబడలేదని చింతింప బనిలేదు. స్పీకర్లను వేరుగా కలుపవలెను.

కావున క్రొత్త మానిటరు కొనవలెనను ప్రతిపాదన మీ సమావేశమునకు వచ్చినపుడు, “కేబులు మార్చి చూచితిరా? మరియొక కంప్యూటరుకు తగిలించి చూచితిరా?” అని తప్పక ప్రశ్నింపుడు. ఆ పరీక్షల ఫలితమును తీర్మానమునందు వ్రాయింపుడు. అప్పటికిని మానిటరు పనిచేయనిచో, కొనుగోలును గూర్చి నిస్సంకోచముగా నిర్ణయము గైకొనవచ్చును.